మసి అంటని చోటు

సెబూ దీవిలోని దనావ్‌లో పిస్తోళ్లు చేసేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. పిడి చెక్కడంలో మాత్రం ఇస్యో తరవాతే ఎవరైనా అని ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోనివాళ్లు ఎదురుపడితే ఇస్యో అక్కడికక్కడే నిలబెట్టి ఒప్పిస్తాడు, అది వేరే సంగతి. మనిషి మంచివాడే పాపం. తన పనిని ఎవరైనా ఒక్క మాట తక్కువ చేస్తే మాత్రం ముక్కు మీదికి వచ్చేస్తుంది కోపం.

ఆయన పద్ధతి వాళ్ల నాన్న నేర్పింది. ఆ నాన్న కాలంలో ఈ పనంతా కొండల్లో దొంగచాటుగా సాగేది, ఇప్పుడు లైసెన్సున్న ఫ్యాక్టరీలో గంట కొడితే మొదలవుతుంది. పద్ధతి మాత్రం మారలేదు. దీపపు మసిని కొబ్బరినూనెలో కలిపి మనిషి అరచేతికి పూస్తాడు. ఆ చేత్తో చెక్కిన పిడిని ఒకసారి బిగించి పట్టుకోమంటాడు. వదిలాక చూస్తే చెయ్యి తగిలినచోట కర్ర నల్లబడుతుంది, తగలనిచోట తెల్లగా ఉండిపోతుంది. ఆ మసిని చూసుకుంటూ ఉలి పెడతాడు. ఎక్కడైనా తేడా వస్తే నాన్న నేర్పిన మాటొకటే. "చెయ్యి ఎప్పుడూ తప్పు కాదురా, కర్రదే తప్పు." ఆ ఊళ్లో ఏ పనివాణ్ణి లేపి అడిగినా ఇదే మాట చెప్తాడు.

ఇస్యోకి ఒక్కతే కూతురు. పేరు రోవెలిన్, ఇంట్లో వెలిన్. ఆ పిల్ల పోటీల్లో కాగితం బొమ్మల్నీ ఇనప పళ్లేల్నీ గురిచూసి కొడుతుంది. స్కూల్లో ఉండగా మొదలుపెట్టి, ఇరవయ్యారేళ్లకి విసాయాస్ దీవులన్నిటికీ ఆడవాళ్లలో మొదటి పేరు తనదే అయ్యింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆమె ఫోటో ఫ్రేము కట్టి పెట్టారు. పొద్దున్నే పనికొచ్చేటప్పుడు ఇస్యో దాన్ని చూడనట్టే చూస్తాడు. ఆమె పట్టిన ప్రతి పిస్తోలుకీ పిడి ఆయన చెక్కిందే. దున్నపోతు కొమ్ముతో ఒకటి, నల్లటి కామగోంగ్ కర్రతో ఇంకొకటి, ఎన్ని చేశాడో! కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, ఆ గెలుపుల్లో సగం తన ఉలిదేనని ఆయన నమ్మకం.

రెండేళ్లుగా వెలిన్ నోట ఒకటే మాట.

"కొంచెం లావుగా ఉంది టాయ్. ఇంకాస్త సన్నం చెయ్యవా?"

టాయ్ అంటే వాళ్ల భాషలో నాన్న. ఆ మాట వినగానే ఇస్యోకి పండగే. మసి డబ్బా తీసేవాడు, కూతురి చేతికి పూసేవాడు, పట్టించేవాడు. కర్ర చూస్తే చిటికెనవేలి వైపు, అరచేతి మొదట్లో మసి అంటని చోటు ఒకటి కనపడేది. అక్కడ చెయ్యి ఆనాలంటే చుట్టూ ఉన్న కర్ర తగ్గాలి. తగ్గించేవాడు. మూణ్ణెల్లు పోయాక మళ్లీ అదే చోటు, ఇంకాస్త పెద్దదై. మళ్లీ తగ్గించేవాడు. "నా కూతురి చెయ్యంటే మాటలా? వెంట్రుకవాసి తేడా కూడా పసిగడుతుంది!" అని పక్క బల్ల వాళ్లకి గొప్పలు కూడా చెప్పుకున్నాడు.

ఇస్యో భార్య ఆసింగ్ బస్టాండులో పుసో అమ్ముతుంది. కొబ్బరాకుతో పిడికిలంత బుట్టలల్లి, అందులో బియ్యం పోసి ఉడికించిన అన్నం అది. ఆ బుట్టలు అల్లడంలో వెలిన్ చిన్నప్పుడు తల్లిని మించిపోయింది. అలాంటిది ఈమధ్య ఆమె అల్లినవి వదులుగా వస్తున్నాయి. కుండలో ఉడుకుతుంటే సందుల్లోంచి బియ్యం జారి అంతా గంజయిపోతోంది.

"పిల్ల చేతిలో ఏదో తేడా ఉంది, ఇస్యో. నిన్న సీసా మూత తియ్యలేక పళ్లతో తీసింది. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్దాం," అంది ఆసింగ్.

"పిస్తోలు పట్టే చేతికి ఆకులు అల్లే పని చెప్తే ఇలాగే ఉంటది," అని నవ్వేశాడు ఇస్యో. "పోటీలు దగ్గరికొచ్చాయి. దాన్ని అనవసరంగా భయపెట్టకు."

ఆ పోటీలే ఆ ఇంట్లో అందరి ఊపిరీ. దేశం జట్టుకి మనుషుల్ని ఎంచేది అక్కడే. పదేళ్లుగా వెలిన్ ఆ జట్టు కోసమే బతికింది. పోయినసారి ఒక్క మెట్టులో తప్పిపోయింది, ఈసారి చోటు ఖాయమని ఆమె ఆడే షూటింగ్ క్లబ్బువాళ్లు కూడా అన్నారు. ఇంతలో కొత్త నిబంధనొకటి వచ్చిపడింది. వెలిన్ ఆడే విభాగంలో పిస్తోలు ఫ్యాక్టరీ పెట్టెలోంచి వచ్చింది వచ్చినట్టే ఉండాలట. చెక్కిన పిడులు పనికిరావట.

"నా పిడంటే భయం వెధవలకి!" అని ఇస్యో రోజంతా చిందులేశాడు. తరవాత క్లబ్బువాళ్లే పిస్తోలు కొనిస్తామన్నారు, ఏది కావాలో వెలిన్ ఎంచుకోమన్నారు. తండ్రీకూతుళ్లు బస్సెక్కి సెబూ పట్నంలో పిస్తోళ్లు అమ్మే కొట్టుకి వెళ్లారు.

ఆ కొట్టు నడిపేది దివీనా. యాభై దాటిన మనిషి. చేతులకి ఉంగరాలు, నోటికి తాళం లేదు.

"అమ్మో, ఇవాళ సూరీడు పడమట పొడిచాడా ఏంటి! నోంగ్ ఇస్యో మా కొట్టుకొచ్చారు!" అంది చూడగానే. నోంగ్ అనేది అక్కడ పెద్దవాళ్లని మర్యాదగా పిలిచే పిలుపు. "మా ప్లాస్టిక్కు పిడులు చూసి తిట్టుకోడానికి వచ్చారా, కొనడానికే వచ్చారా?"

"రెండూను," అన్నాడు ఇస్యో.

దివీనా అద్దాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు పిస్తోళ్లు తెచ్చి పెట్టింది. ఒక్కొక్కదాని తూటా గది తెరిచి, ఖాళీయేనని కళ్లతో చూసి, వేలు పెట్టి మళ్లీ చూసింది. పక్కపక్కన పెడితే మూడూ ఒకేలా ఉన్నాయి.

"ఒక తల్లి పిల్లలే ముగ్గురూ. మొహాలు ఒకటే, నడుములే తేడా," అంది. "ఇదిగో, ఇది పెద్దక్క. తూటాలు రెండు వరసల్లో పదిహేడు పడతాయి, అందుకే నడుం లావు. కానీ పిడి వెనక ఈ రేకు మార్చుకోవచ్చు, మూడు సైజులిస్తారు. బరువుంది కాబట్టి పేలినప్పుడు ఎగరదు. ఇది నడిమిది. గొట్టం పొడుగు అక్కదే, పిడి ఒక వేలెడు పొట్టి, పదిహేనే పడతాయి. తూటాల మ్యాగజైన్ వదిలే బొత్తాం రెండు వైపులా ఉంది, ఎడంచేతివాళ్లకీ పనికొస్తది. ఇది చిట్టిచెల్లి. ఒకే వరస, పది తూటాలు. బిస్కెట్టులా పల్చన. చేతిలో ఇట్టే ఇముడుతుంది గానీ తన్నుడెక్కువ. పోటీవాళ్లు దీన్ని కొనరు, హ్యాండ్ బ్యాగుల్లో పెట్టుకునేవాళ్లు కొంటారు."

"పెద్దక్కనివ్వండి," అంది వెలిన్. పోటీల్లో సగం మంది పట్టేది అదే.

పట్టుకుంది. చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి చాచింది. మొహం కొంచెం ముడుచుకుంది.

"లావుగా ఉంది."

దివీనా వెనక రేకు తీసి చిన్నది పెట్టింది. వెలిన్ మళ్లీ పట్టుకుంది, మళ్లీ తల అడ్డంగా ఊపింది. దివీనా నడిమిదాన్ని తీసింది. దానికీ చిన్న రేకే పెట్టి ఇచ్చింది. వెలిన్ చివరి రెండు వేళ్లూ పిడి చుట్టూ బిగుసుకోకుండా సగం ముడుచుకుని దూరంగానే ఉండిపోయాయి.

"ఇదీ లావే."

"ఇదా? ఇందాయ్, పోయిన వారం పన్నెండేళ్ల పిల్ల ఇది పట్టి కాల్చింది!" అంది దివీనా. పెళ్లికాని పిల్లల్ని అక్కడ ముద్దుగా ఇందాయ్ అనే పిలుస్తారు. "సరే, చిట్టిచెల్లిని పట్టుకో. ఇంతకంటే సన్నం కావాలంటే పెన్సిలే."

వెలిన్ నవ్వి మూడోది తీసుకుంది. రెండు మూడుసార్లు పట్టు మార్చింది. "సన్నగానే ఉంది. కానీ ఏంటో... పట్టు దొరకట్లేదు," అంది.

దివీనా రోజూ చేసే పరీక్షే చేసింది. పిస్తోలు ముందు భాగాన్ని వేలి కొసతో పక్కకి మెల్లగా నెట్టింది. అది వెలిన్ చేతిలో వదులుగా ఉన్న పన్నులా పక్కకి ఒరిగిపోయింది.

"గట్టిగా పట్టుకోవాలి ఇందాయ్."

"గట్టిగానే పట్టుకున్నా," అంది వెలిన్.

ఇస్యోకి ఒళ్లు మండిపోయింది. "ఎలా నిలుస్తదే? నున్నగా ప్లాస్టిక్కు పోతపోసి పిడి అంటే నిలుస్తదా? చేతులంటే ఏంటో తెలీని కంపెనీలు! ప్రపంచంలో అందరికీ మూడు సైజులేనట! నా దగ్గరికి పంపించు, ఒక్కపూటలో సరిచేసి..."

"నోంగ్," అంది దివీనా. ఆమె గొంతులో ఎగతాళి పోయింది. "ఒక్క నిమిషం. ఇందాయ్, ఆ నడిమిదాన్ని ఎడం చేత్తో పట్టుకో. రేకు మార్చి ఇస్తాను, మామూలు సైజుది."

వెలిన్ ఎడం చేత్తో పట్టుకుంది. వేళ్లన్నీ వాటి చోట్లలో అవే కూర్చున్నాయి. దివీనా వేలితో నెట్టింది, కదల్లేదు. అరచేత్తో నెట్టింది, అప్పుడూ కదల్లేదు.

"ఇదమ్మా నీ సైజు," అంది దివీనా. "రెండు చేతులూ ఇలా బల్ల మీద పెట్టు."

వెలిన్ రెండు అరచేతులూ అద్దం మీద వెల్లకిలా పెట్టింది. అద్దం కింద దీపం వెలుగుతోంది. ఎడం చెయ్యి నిండుగా ఉంది. కుడిచేతిలో చిటికెనవేలి కింద ఉండాల్సిన కండ లేదు, ఎముక మీద తోలు పరిచినట్టు ఉంది. తిప్పి చూపించమంది దివీనా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెంచాతో తోడేసినంత గుంట.

ఇస్యో చూస్తూ నిలబడ్డాడు. ఆ చేతికి రెండేళ్లుగా ఎన్నిసార్లు మసి పూశాడు! తన వేళ్లతో, ఆ గుంట మీదుగానే పూశాడు. పూసి, పట్టించి, ఆ చేతిని వదిలేసి కర్ర తీసుకుని కిటికీ దగ్గరికి పోయేవాడు. మసి అంటని చోటల్లా కర్ర తప్పే అనుకున్నాడు.

"ఎప్పట్నించి తల్లీ?" అన్నాడు.

"చిటికెనవేలు తిమ్మిరెక్కేది టాయ్. ప్రాక్టీసు ఎక్కువైందేమో అనుకున్నా. పిస్తోలు జారినట్టుండేది. నువ్వు పిడి సన్నం చేసిస్తే కొన్నాళ్లు బాగుండేది కదా..." వెలిన్ చేతులు వెనక్కి తీసుకుంది. "అందుకే చెప్పలేదు."

దివీనా మూడు పిస్తోళ్లూ గుడ్డలో చుట్టి లోపల పెట్టేసింది. "ఇవాళేం కొనొద్దు నోంగ్. ముందు డాక్టరుకి చూపించండి," అంది. తలుపుదాకా వచ్చి వెలిన్ భుజం నిమిరి పంపింది.

పెద్దాస్పత్రిలో డాక్టరు చెయ్యి చూసి, చేతిని వదిలి మోచెయ్యి పట్టుకున్నాడు. ఈ ఎముక ఎప్పుడు విరిగిందని అడిగాడు. వెలిన్ ఏడేళ్లప్పుడు జామచెట్టు మీంచి పడింది. ఊళ్లో ఎముకలు కట్టే ముసలమ్మ కట్టు కట్టింది. కొంచెం వంకరగా అతుక్కుంది, అంతే. తరవాత ఎవరూ దాని ఊసే తలుచుకోలేదు. ఆ వంకర దగ్గర నరం ఇన్నేళ్లూ రాసుకుని రాసుకుని నలిగిపోయిందన్నాడు డాక్టరు.

"పట్టు తగ్గడం ఎప్పుడు మొదలైంది? కొంచెం గుర్తు చేసుకుని చెప్పండి," అన్నాడు.

వెలిన్ ఆలోచిస్తోంది. ఇస్యో ఆలోచించలేదు. "రెండేళ్ల కిందట, బాలయేసు పండక్కి ముందు," అన్నాడు. "అప్పుడే మొదటిసారి లావుగా ఉందంది. ఎండాకాలంలో ఇంకొంచెం. తుపాను వచ్చి వెళ్లాక బాగా తెలిసింది."

డాక్టరు తలెత్తి చూశాడు. "ఇంత బాగా గమనించారే! మరి అప్పుడేం చేశారు?"

"సన్నం చేశాను," అన్నాడు ఇస్యో.

డాక్టరుకి అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు కూడా. వెలినే పిడుల సంగతి వివరించింది. డాక్టరు వింటూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొదట్లోనే వచ్చుంటే చిన్న ఆపరేషనుతో చెయ్యి మామూలైపోయేదని, ఇప్పుడు చేస్తే ఇంకా పాడవకుండా ఆగుతుంది గానీ పోయిన కండ తిరిగి రాదని చెప్పాడు. పోటీల మాట వెలినే అడిగింది. ఆయన ఆమె చేతిని పట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చి చెప్తే ఆసింగ్ ఏడవలేదు. పొయ్యి మీద కుండ దించి, గరిటె పట్టుకుని మొగుడి ఎదురుగా నిలబడింది.

"ఆడలేక మద్దెల ఓడు అంటారు గదా ఇస్యో, అలా అన్నప్పుడు పక్కనున్నోడు నీ అడుగు చూసుకోమ్మా అంటాడు. మద్దెల చేసినోడే 'అవునమ్మా, నా మద్దెలే ఓడు' అని వంతపాడితే పిల్లకి ఇంకెవడు చెప్తాడు? నేను చెప్పానా లేదా? బియ్యం గంజవుతోందని చెప్పానా లేదా?"

"చెప్పావు ఆసింగ్."

"చెప్తే నవ్వావు."

"నవ్వాను," అన్నాడు ఇస్యో. అన్నిటికీ ఎగిరిపడే మనిషి ఆ రోజు ఒక్క మాట ఎదురాడలేదు. అది చూసి ఆసింగ్‌కి అప్పుడొచ్చింది ఏడుపు.

వెలిన్ పోటీల్లోంచి పేరు తీసేసుకుంది. ఎడం చేత్తో నేర్చుకోవచ్చు కదా అని క్లబ్బు పెద్దమనిషి ఇంటికొచ్చి మరీ చెప్పాడు. "ఈ చెయ్యి నేర్చుకోడానికి పదేళ్లు పట్టింది నోంగ్. ఎడం చేతికింకా చెప్పనేలేదు, ఇది పోయిందని," అని నవ్వింది వెలిన్. ఆయన కాఫీ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయాడు.

పోటీలు దనావ్ మైదానంలోనే జరిగాయి. చెరుకుతోటల మీదుగా చప్పుళ్లు ఇంటిదాకా వినపడ్డాయి. వెలిన్ తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుని, ఎవరో అల్లిన పుసో బుట్టల్లో ఎడం చేత్తో బియ్యం పోస్తోంది. ఒక వరస చప్పుళ్లు విని, "తొందరపడింది. ఆఖరిది తగల్లేదు," అంది. ఇంకో వరస విని బియ్యం పొయ్యడం ఆపేసింది. బాగా కొట్టింది ఎవరో. ఇస్యో అప్పటిదాకా అరుగు మీదే ఉన్నాడు. లేచి పెరట్లోకి వెళ్లి, చప్పుళ్లు ఆగేవరకూ లోపలికి రాలేదు.

ఆపరేషను అయ్యింది. కట్టు విప్పాక ఆస్పత్రిలో చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి ఒక మాట చెప్పింది. ఇంట్లో చెంచా, కలం, పళ్ల బ్రష్షు, అన్నిటికీ గుడ్డ చుట్టి లావు చెయ్యండి అంది. "బలం తగ్గిన చేతికి లావుగా ఉంటేనే పట్టు. సన్నటిది పట్టుకోడానికే ఎక్కువ బలం కావాలి," అంది. ఎవరికైనా చెప్పే మామూలు మాటే అది. దారిపొడుగునా ఇస్యో బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. లావుగా ఉందని కూతురు అన్న ప్రతిసారీ ఉన్న ఆధారాన్ని కూడా తన ఉలితో తనే తీసేశాడని లోపల లెక్కలేకుండా తిట్టుకుంటూనే ఉన్నాడు.

"గుడ్డెందుకు? నేను చెక్కుతా," అన్నాడు ఇంటికి రాగానే.

మేలురకం కామగోంగ్ ముక్క తీశాడు. ఎవరో పెద్దమనిషి పిస్తోలు పిడి కోసమని దాచిన ముక్క అది. రెండు రోజులు కూర్చుని చెంచాకి పిడి చెక్కాడు. నున్నగా తోమి, నూనె పట్టించి, అన్నం వేళకి తెచ్చి కూతురి ముందు పెట్టాడు. అలవాటు పోలేదు మనిషికి, మసి డబ్బా కూడా తెచ్చాడు.

"చెంచాకి కూడా మసా టాయ్?" అంది వెలిన్. నవ్వుతూనే చెయ్యి చాచింది.

పూశాడు. పట్టుకుంది. గిన్నెలోంచి అన్నం తీసుకుని నోటిదాకా తీసుకెళ్లబోయింది. సగంలో చెంచా చేతిలో అడ్డంగా తిరిగింది, అన్నం ఒళ్లో పడింది. కర్ర మీద చూస్తే మసి ఒక పక్క రెండు గీతలు తప్ప ఎక్కడా అంటలేదు.

రెండేళ్లుగా సన్నగా చెక్కి చెక్కి ఆయన చేతులకి అదే అలవాటు. లావుగా చేద్దామనుకుంటూనే ఇస్యో సన్నం చేశాడు.

వెలిన్ ఒళ్లో మెతుకులు ఎడం చేత్తో దులుపుకుంది. తండ్రి మొహం చూసి, ఏదో చిన్న సంగతి చెప్తున్నట్టు మెల్లగా అంది.

"ఇంకాస్త లావు చెయ్యవా, టాయ్?"

ఉలితో తీసిన కర్రని మళ్లీ పెట్టడం ఏ పనివాడికీ రాదు. ఇంకో ముక్క తేవాలి, ఇంతకంటే పెద్దది. ఇస్యో లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. కూతురి కుడిచెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు. మసి ఇంకా తడిగానే ఉంది. తన చొక్కా కొసతో తుడుస్తూ ఒక్కొక్క వేలూ చూశాడు, చిటికెనవేలి కింద చూశాడు, బొటనవేలి పక్క గుంటలో తన బొటనవేలు పెట్టి చూశాడు. చెంచా జారి కింద పడినా, ఈసారి ఆ కర్ర తీసుకుని చూడలేదు.

"అన్నం చల్లారిపోతోంది," అని ఆసింగ్ రెండుసార్లు పిలిచింది. ఆయన ఆ చెయ్యి వదల్లేదు.